బంధుత్వం గడిలో ఏం రాయాలి? ప్రభుత్వోద్యోగుల స్వలింగ భాగస్వాములకు సర్వీస్ నిబంధనలు ఎక్కడ అడ్డం వస్తాయి

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి నింపే జీపీఎఫ్ (ప్రభుత్వోద్యోగుల భవిష్య నిధి) నామినేషన్ ఫారంలో గడులు కొన్నే. నామినీ పేరు, చిరునామా, చందాదారుతో బంధుత్వం, వయసు, వాటా, ఏం జరిగితే ఈ నామినేషన్ చెల్లకుండా పోతుంది అన్నవి ముఖ్యమైనవి. స్వలింగ జంటల విషయంలో కలం ఆగేది బంధుత్వం గడి దగ్గర. పదిహేనేళ్లుగా ఒకే ఇంట్లో, ఒకే ఖర్చుతో బతుకుతున్న మనిషిని ఏమని రాయాలి? 'భర్త' అనో 'భార్య' అనో రాస్తే అది తప్పుడు ప్రకటన అవుతుంది. 'స్నేహితుడు' అని రాయడానికి అడ్డేమీ లేదు. కానీ ఆ ఉద్యోగి తల్లి బతికి ఉంటే ఆ నామినేషన్ చెల్లదు. సెక్షన్‌లో గుమస్తా గమనిస్తే ఫారం తిరిగొస్తుంది. గమనించకపోతే ఇంకా చిక్కు, ఎందుకంటే అది చెల్లదన్న సంగతి ఉద్యోగి చనిపోయాకే బయటపడుతుంది.

పెళ్లి చట్టం మారితే తప్ప ఈ విషయంలో ఏమీ జరగదని చాలామంది అనుకుంటారు. అందులో సగమే నిజం. ప్రభుత్వోద్యోగికి వచ్చే ఒక్కో సౌకర్యానికి ఒక్కో నిబంధనావళి ఉంది, ఒక్కో నిబంధనావళిలో 'కుటుంబం' అనే మాటకు దేనికది రాసుకున్న నిర్వచనం ఉంది. అవి ఒకదానితో ఒకటి కలవవు. కొన్ని పెళ్లికి గట్టిగా ముడిపడ్డాయి, కొన్నింటిలో సందు ఉంది, ఒకటి రెండు చోట్ల పెళ్లి కాకపోవడమే కలిసొస్తుంది. అందుకే 'స్వలింగ భాగస్వాములకు సౌకర్యాలు వస్తాయా, రావా' అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు.

కోర్టు తీర్పు, ఆ తర్వాత కమిటీ

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ కోరలు పీకి, స్వలింగ సంబంధాన్ని నేరాల జాబితాలోంచి తీసేసింది. అయితే నేరం కాకపోవడం వేరు, హక్కు రావడం వేరు. ఆ రెండో మెట్టు కోసం హైదరాబాద్‌కు చెందిన ఒక జంట వేసిన పిటిషన్ మీదే దేశమంతటి పిటిషన్లూ కలిశాయి. 'సుప్రియో కేసు' అనే పేరు అలా వచ్చింది. 2023 అక్టోబర్ 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదని అయిదుగురూ అన్నారు. పౌర బంధంగా గుర్తించాలన్న వాదన 3–2 తేడాతో వీగిపోయింది. పునస్సమీక్ష పిటిషన్లను 2025 జనవరి 9న కొట్టేశారు.

ఈ తీర్పులో ఉద్యోగులకు సంబంధించిన భాగం మాత్రం పెద్దగా చర్చకు రాలేదు. ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ తన తీర్పులో కమిటీ చూడాల్సిన వాటిలో గ్రాట్యుటీ, ఫ్యామిలీ పెన్షన్, బీమా వంటి ఉద్యోగ లబ్ధిని పేరుపెట్టి చేర్చారు. ఆయనతో విభేదించి మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ రవీంద్ర భట్ కూడా, ఉద్యోగంలో సంపాదించుకున్న లబ్ధిని పెళ్లికి ముడిపెట్టడం వల్ల ఈ జంటలకు పరోక్షంగా వివక్ష జరుగుతోందని ఒప్పుకున్నారు. అంటే పెళ్లి విషయంలో చీలిన ధర్మాసనం, ఈ ఇబ్బంది ఉన్నదన్న దగ్గర చీలలేదు.

క్యాబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కమిటీ వేస్తామని సొలిసిటర్ జనరల్ 2023 మే 3నే కోర్టుకు చెప్పారు. నోటిఫికేషన్ వచ్చింది 2024 ఏప్రిల్ 16న. సభ్యులు హోం, స్త్రీ శిశు సంక్షేమం, ఆరోగ్యం, సామాజిక న్యాయం, శాసన వ్యవహారాల కార్యదర్శులు. సర్వీస్ నిబంధనలు చూసే సిబ్బంది వ్యవహారాల శాఖ గానీ, పెన్షన్ విభాగం గానీ ఆ జాబితాలో లేవు. వంటింటి మరమ్మతు గురించి మాట్లాడే సమావేశానికి వంటవాణ్ణి పిలవనట్టుంది ఇది. ఆ ఏడాదిలో వచ్చిన ఆదేశాలు కూడా అలాగే ఉన్నాయి. రేషన్ కార్డు కోసం ఇద్దరినీ ఒకే ఇంటివారిగా చూడాలన్నారు. ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికి అడ్డు లేదని ఆగస్టు 28న ఆర్థిక సేవల విభాగం స్పష్టం చేసింది. జైల్లో ములాఖత్‌కు, దగ్గరి బంధువులు లేనప్పుడు మృతదేహాన్ని తీసుకోవడానికి వీలు కల్పించాలని లేఖలు వెళ్లాయి. పనికొచ్చేవే, కాదనడం లేదు. కానీ గ్రాట్యుటీ, ఫ్యామిలీ పెన్షన్ ఆ ఆదేశాల్లో లేవు.

ఫ్యామిలీ పెన్షన్: పెద్ద మొత్తం, గట్టి గోడ

2021 నాటి సీసీఎస్ (కేంద్ర సివిల్ సర్వీసుల) పెన్షన్ నిబంధనల్లో 50వ నిబంధన ఫ్యామిలీ పెన్షన్‌కు సంబంధించింది. దీనికి నామినేషన్ అన్నదే లేదు. ఉద్యోగి కుటుంబ వివరాలు రాసిస్తాడంతే. ఎవరికి ఇవ్వాలో, ఏ వరుసలో ఇవ్వాలో నిబంధనే చెబుతుంది: ముందు భార్య లేదా భర్త, తర్వాత పిల్లలు, తర్వాత ఉద్యోగిపై ఆధారపడిన తల్లిదండ్రులు, ఆ తర్వాత వైకల్యం ఉన్న తోబుట్టువులు. ఈ వరుసలో లేని మనిషిని చేర్చే అధికారం ఉద్యోగికి లేదు.

వీలునామా రాస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. 1991లో వయొలెట్ ఇస్సాక్ కేసులో, రైల్వే ఉద్యోగి తన సోదరుడి పేరు రాసిపెట్టినా, ఫ్యామిలీ పెన్షన్ మృతుడి ఆస్తిలో భాగం కాదని, దాన్ని వీలునామాతో మళ్లించలేమని సుప్రీంకోర్టు తేల్చింది. అప్పట్లో ఆ తీర్పు వితంతువును కాపాడింది. అదే సూత్రం ఇప్పుడు స్వలింగ భాగస్వామికి తలుపు మూసేస్తోంది.

ఒక లెక్క చూద్దాం. 12 ఏళ్ల సర్వీసు, బేసిక్ 70,000 రూపాయలు, డీఏ (కరువు భత్యం) 55 శాతం అనుకుందాం. జాతీయ పెన్షన్ పథకం ఎన్‌పీఎస్‌లో ఉన్నా, సర్వీసులో ఉండగా చనిపోతే పాత పెన్షన్ నిబంధనల లబ్ధే కావాలని ఆప్షన్ ఇచ్చి ఉంచారనుకుందాం. 11 ఏళ్లు దాటి 20 ఏళ్లలోపు సర్వీసు ఉంటే డెత్ గ్రాట్యుటీ 20 నెలల బేసిక్, డీఏ కలిపి వస్తుంది. నెలకు 1,08,500 చొప్పున 21,70,000 రూపాయలు. 2024 జనవరి 1 నుంచి గరిష్ఠ పరిమితి 25 లక్షలు కాబట్టి కోత పడదు. ఇక ఫ్యామిలీ పెన్షన్ పదేళ్లపాటు బేసిక్‌లో సగం, అంటే నెలకు 35,000, ఆ తర్వాత 30 శాతం, అంటే 21,000. దాని మీద డీఆర్, అంటే పెన్షన్ మీద ఇచ్చే కరువు భృతి, అదనం. డీఆర్ పక్కన పెట్టినా పదేళ్లకే 42 లక్షలు. ఇది పెళ్లయిన ఉద్యోగి భార్యకో భర్తకో వచ్చేది. అదే సర్వీసు, అదే జీతం ఉన్న స్వలింగ ఉద్యోగి భాగస్వామికి ఫ్యామిలీ పెన్షన్‌గా వచ్చేది సున్నా. తల్లిదండ్రులకు రావాలన్నా వారి ఆదాయం నెలకు 9,000 రూపాయలు, దాని మీద డీఆర్ కలిపిన పరిమితి దాటకూడదు. నాన్న పెన్షనరైతే, వైకల్యం ఉన్న తోబుట్టువులూ లేకపోతే ఆ పెన్షన్ ఎవరికీ పోదు, అక్కడితో ఆగిపోతుంది.

కొత్తగా రాసిన పథకమైనా మారిందా అంటే లేదు. 2025 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఏకీకృత పెన్షన్ పథకం, అందరూ యూపీఎస్ అంటున్నదే, రిటైరైన ఉద్యోగి చనిపోతే అతని పెన్షన్‌లో 60 శాతం 'చట్టబద్ధంగా వివాహమాడిన' జీవిత భాగస్వామికి ఇస్తామంటుంది. సుప్రియో తీర్పు వచ్చాక, కమిటీ కూర్చున్నాక రాసిన వాక్యమది.

నామినేషన్ ఉన్నచోట 'ఆధారపడిన' అనే ఒక్క మాట

గ్రాట్యుటీ, జీపీఎఫ్, ఎన్‌పీఎస్, ఉద్యోగుల భవిష్య నిధి అయిన ఈపీఎఫ్‌లకు నామినేషన్ ఉంది. అన్నింటిలోనూ ఒకే షరతు: కుటుంబం ఉన్న చందాదారు కుటుంబ సభ్యులకే నామినేషన్ ఇవ్వాలి, కుటుంబం లేకపోతే ఎవరి పేరైనా రాసుకోవచ్చు. మరి పెళ్లికాని ఉద్యోగికి 'కుటుంబం' ఉన్నట్టా లేనట్టా?

జీపీఎఫ్ నిబంధనల్లో కుటుంబం అంటే భార్యాపిల్లలతోపాటు తల్లిదండ్రులు, మైనర్ తమ్ముళ్లు, పెళ్లికాని అక్కచెల్లెళ్లు కూడా. గ్రాట్యుటీకీ దాదాపు ఇంతే. తల్లిదండ్రులు ఉద్యోగిపై ఆధారపడ్డారా లేదా అన్నదాంతో పని లేదు, బతికి ఉంటే చాలు. కొడుకు ముఖం చూడనని ఇరవై ఏళ్ల కింద తలుపు వేసుకున్న తండ్రయినా సరే, ఆయన ఉన్నంతకాలం భాగస్వామి పేరు రాయడానికి లేదు. భర్తతో పడని మహిళా ఉద్యోగి లిఖితపూర్వకంగా తెలిపి భర్తను జీపీఎఫ్ కుటుంబంలోంచి మినహాయించవచ్చు. తల్లిదండ్రులను మినహాయించే వీలు ఎవరికీ లేదు.

ఎన్‌పీఎస్‌కు, ఈపీఎఫ్‌కు వచ్చేసరికి నిర్వచనంలో తల్లిదండ్రుల ముందు 'ఆధారపడిన' అనే మాట ఉంది. దీంతో కథ మారిపోతుంది. తల్లికి సొంత పెన్షనో, తండ్రికి సొంత ఆదాయమో ఉండి ఉద్యోగి మీద ఆధారపడకపోతే, పెళ్లికాని ఆ ఉద్యోగికి నిబంధన దృష్టిలో కుటుంబం లేనట్టే. భాగస్వామిని నామినీగా పెట్టుకోవచ్చు. 2004 జనవరి 1 నుంచి కేంద్ర సర్వీసులో చేరినవారిలో చాలామందికి ఈ సందు ఉంది. తెలిసి వాడుకునేవారు తక్కువ.

ఇంకో విచిత్రం ఈపీఎస్–95లో ఉంది. ఇది ప్రైవేటు ఉద్యోగులకు, మన ప్రభుత్వ కార్యాలయాల్లోనే పనిచేసే ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి వర్తించే పెన్షన్ పథకం. ఇక్కడ కుటుంబం అంటే భార్య లేదా భర్త, పిల్లలు. తల్లిదండ్రులు ఆ నిర్వచనంలో లేరు. పెళ్లికాని సభ్యుడు పెన్షన్‌కే ఒక నామినీని రాసుకోవచ్చు, ఆ నామినీకి నెలనెలా పెన్షన్ వస్తుంది. మొత్తం చిన్నదే. అయినా గెజిటెడ్ ఆఫీసర్ తన భాగస్వామికి ఇవ్వలేనిది, అదే ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ డేటా ఎంట్రీ ఆపరేటర్ ఇవ్వగలడు.

ఉద్యోగి చనిపోయినప్పుడు ఇచ్చే లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్‌కు, గరిష్ఠంగా 300 రోజులది, నామినేషన్ లేదు. భార్య లేదా భర్త, కొడుకు, కూతురు, తండ్రి, తల్లి అంటూ నిబంధనలో రాసిన వరుసలోనే పోతుంది.

మిగతా సౌకర్యాలు

కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం సీజీహెచ్‌ఎస్ కార్డులో భార్య లేదా భర్త, పిల్లలు, ఆధారపడిన తల్లిదండ్రులు వగైరా తప్ప వేరేవాళ్లకు చోటు లేదు. పే లెవల్ 7 నుంచి 11 వరకు ఉద్యోగి జీతంలోంచి నెలకు 650 రూపాయలు కోస్తారు. కార్డులో ఒక్కరే ఉన్నా అయిదుగురు ఉన్నా కోత అంతే. సెలవు ప్రయాణ రాయితీ ఎల్‌టీసీదీ ఇదే దారి. కారుణ్య నియామకం పెళ్లికాని ఉద్యోగి విషయంలో అతనిపై ఆధారపడిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు వస్తుంది, భాగస్వామికి రాదు. భార్యాభర్తలను వీలైనంతవరకు ఒకే ఊళ్లో వేయాలన్న 2009 నాటి ఆదేశం కూడా పెళ్లి ఉంటేనే. మన రెండు రాష్ట్రాల టీచర్ల బదిలీల్లో స్పౌజ్ పాయింట్ల కోసం జరిగే హడావుడి చూసినవారికి దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

పిల్లల దగ్గర లెక్క తలకిందులవుతుంది. 2022 దత్తత నిబంధనల ప్రకారం జంటగా దత్తత తీసుకోవాలంటే కనీసం రెండేళ్ల స్థిరమైన వివాహ బంధం ఉండాలి. కాబట్టి ఇద్దరిలో ఒకరే ఒంటరిగా దరఖాస్తు చేస్తారు. ఒంటరి పురుషుడికి ఆడపిల్లను ఇవ్వరు. దత్తత అయ్యాక ఆ బిడ్డకు సంబంధించిన లబ్ధి అంతా ఆ ఒక్క ఉద్యోగి పేరుమీదే వస్తుంది. రెండో వ్యక్తికి బిడ్డతో కాగితం మీద ఏ సంబంధమూ లేదు. అయితే 730 రోజుల చైల్డ్ కేర్ లీవ్ మహిళలతోపాటు 'ఒంటరి పురుష ఉద్యోగి'కి కూడా వస్తుంది, అందులో పెళ్లికాని పురుషుడూ ఉన్నాడు. పెళ్లయిన తండ్రికి దొరకని ఈ సెలవు, దత్తత తీసుకున్న గే ఉద్యోగికి దొరుకుతుంది. ప్రభుత్వం దృష్టిలో అతను ఒంటరివాడు కదా.

జంటలో ఒకరు ట్రాన్స్ వ్యక్తి అయితే దారి వేరు. ట్రాన్స్ పురుషుడు, స్త్రీ గానీ ట్రాన్స్ స్త్రీ, పురుషుడు గానీ అయిన జంట ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్లి చేసుకోవచ్చని సుప్రియో తీర్పే చెప్పింది. పెళ్లి రిజిస్టరైతే పైన చెప్పిన సౌకర్యాలన్నీ మామూలుగానే వర్తించాలి. ఆచరణలో తేడా వచ్చేది కాగితాల దగ్గర. గుర్తింపు పత్రంలో, ఆధార్‌లో, సర్వీస్ బుక్‌లో పేరు, జెండర్ ఒకేలా ఉండేలా ముందే సరిచేయించుకోవాలి.

ఇప్పటికిప్పుడు చేయగలిగింది

మొదట మీకు వర్తించే ఒక్కో నిధిలో కుటుంబం నిర్వచనం చదివి, 'తల్లిదండ్రులు' అని ఉందా, 'ఆధారపడిన తల్లిదండ్రులు' అని ఉందా చూసుకోవాలి. వీలున్నచోట నామినేషన్ ఇచ్చి, కార్యాలయాధిపతి సంతకం, అందుకున్న తేదీ ఉన్న ప్రతిని దగ్గర పెట్టుకోవాలి, సర్వీస్ బుక్‌లో నమోదైందో లేదో కూడా చూడాలి. తల్లిదండ్రులు కాలం చేశాక మళ్లీ ఇవ్వడం చాలామంది మర్చిపోతారు. గ్రాట్యుటీ విషయంలో ఇది మరీ ముఖ్యం. కుటుంబమూ లేక, నామినేషనూ లేకపోతే, వారసత్వ ధ్రువపత్రం తెచ్చేవారు లేనప్పుడు ఆ సొమ్ము ప్రభుత్వానికే మిగిలిపోతుంది.

బంధుత్వం గడిలో 'కజిన్' అనో 'అన్న' అనో రాసేవాళ్లున్నారు. ఆ పని చేయకూడదు. క్లెయిమ్ సమయంలో ధ్రువపత్రం అడుగుతారు, అసలు బంధువు అభ్యంతరం పెడితే కాగితం మొత్తం అనుమానంలో పడుతుంది, సర్వీసులో ఉండగా బయటపడితే తప్పుడు సమాచారం ఇచ్చినందుకు క్రమశిక్షణ చర్య. కుటుంబం లేని పరిస్థితి నిజంగా ఉన్నప్పుడు 'స్నేహితుడు' అన్న మాట చెల్లుతుంది.

నామినేషన్‌తో పని అయిపోయిందనుకోవద్దు. నామినీ సొమ్ము అందుకునేవాడే తప్ప సొంతదారు కాడని సుప్రీంకోర్టు 1983లో బీమా విషయంలో, 2023 డిసెంబర్‌లో షేర్ల విషయంలో చెప్పింది. 2015 సవరణ తర్వాత బీమాలో తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే సొమ్ము వాళ్లదే అవుతుంది. భాగస్వామికి ఆ రక్షణ లేదు. అందుకే బ్యాంకు డిపాజిట్లకు, ఇంటికి, ప్రైవేటు పాలసీలకు నామినేషన్‌తోపాటు వీలునామా కూడా ఉండాలి. ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి, ఆ ఇద్దరిలో భాగస్వామి ఉండకుండా చూసుకోవాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా, సబ్‌రిజిస్ట్రార్ దగ్గర చేయిస్తే రేపు అన్నదమ్ములు సవాలు చేసినప్పుడు బలంగా నిలుస్తుంది. పన్ను కోణం కూడా ఉంది. ఆదాయ పన్ను చట్టం దృష్టిలో స్వలింగ భాగస్వామి 'బంధువు' కాదు కాబట్టి ఏడాదిలో 50,000 రూపాయలు దాటిన బహుమతి మీద పన్ను పడుతుంది. వీలునామా ద్వారా వచ్చినదానికి ఆ పన్ను లేదు. ఫ్యామిలీ పెన్షన్ లేని లోటును పూడ్చడానికి ఎక్కువమంది టర్మ్ పాలసీ తీసుకుంటారు. బంధువు కాని నామినీ అంటే కంపెనీ ప్రశ్నలు వేయొచ్చు, కాబట్టి ప్రపోజల్ ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాసి తీసుకోవడమే మంచిది.

ప్రభుత్వం కలంతో చేయగలిగింది

టాటా స్టీల్ 2019లో ఉద్యోగుల స్వలింగ భాగస్వాములకు సౌకర్యాలు ఇచ్చింది. ప్రభుత్వం పార్లమెంటుకు వెళ్లాలి కదా అంటారు. సీసీఎస్ నిబంధనలు రాజ్యాంగం 309వ అధికరణ కింద రాష్ట్రపతి పేరుతో కార్యనిర్వాహక వర్గం చేసుకున్నవి, రాష్ట్రాల్లో గవర్నర్ పేరుతో. మార్చాలంటే గెజిట్ నోటిఫికేషన్ చాలు. మార్చడం కొత్తేమీ కాదు. విడాకుల కేసో గృహహింస కేసో నడుస్తుంటే మహిళా ఉద్యోగి తన ఫ్యామిలీ పెన్షన్ భర్తకు కాక ముందుగా పిల్లలకు వెళ్లేలా కోరవచ్చని 2024 జనవరిలో పెన్షన్ విభాగమే ఆదేశం ఇచ్చింది. భర్తకున్న తొలి వరుసనే పక్కకు జరిపిన మార్పది.

అమెరికాలో పరిస్థితి దీనికి తిరగేసి ఉండేది. 2009 జూన్ 17న ఒబామా ఫెడరల్ ఉద్యోగుల స్వలింగ భాగస్వాములకు సౌకర్యాలు విస్తరిస్తూ మెమోరాండం మీద సంతకం చేశారు. భాగస్వామికి జబ్బు చేస్తే చూసుకోవడానికి సెలవు వంటివి ఇవ్వగలిగారు గానీ ఆరోగ్య బీమా ఇవ్వలేకపోయారు. పెళ్లంటే స్త్రీ పురుషుల మధ్యేనన్న 1996 నాటి చట్టమే అక్కడ అడ్డం. 2013 జూన్ 26న అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన విండ్సర్ తీర్పుతో అది కూలాకే బీమా వచ్చింది, అదీ పెళ్లి చేసుకున్నవారికి. ఒబామాకు లేని వీలు మన పెన్షన్ విభాగానికి ఉంది.

ఎవరు భాగస్వామో ఎలా తేల్చాలన్న ప్రశ్నకు కూడా ఆ అనుభవంలో జవాబుంది. ఇద్దరూ 18 నిండినవారై, ఒకే ఇంట్లో ఉంటూ, ఆర్థిక బాధ్యతలు పంచుకుంటూ, వేరెవరితోనూ పెళ్లి లేదని ఉద్యోగి ధ్రువీకరించాలి, అబద్ధమైతే చర్య, విడిపోతే 30 రోజుల్లో తెలపాలి. గుర్తింపుతో బాధ్యతలూ వస్తాయి. ఇద్దరూ ప్రభుత్వోద్యోగులై ఒకే ఊళ్లో ఒకరికి క్వార్టర్ ఉంటే రెండోవారి హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) పోతుంది. బంధువుల ఉద్యోగాలకు, బహుమతులకు సంబంధించిన ప్రవర్తనా నియమాలు భాగస్వామికీ చుట్టుకుంటాయి. ఆ మాట ముందే చెప్పేస్తే 'వీళ్లకు ప్రత్యేక మినహాయింపులా' అనేవారికి జవాబు దొరుకుతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉద్యోగులకు ఇప్పటికీ 1980 నాటి సవరించిన పెన్షన్ నిబంధనలే మూలం. అందులోనూ ఫ్యామిలీ పెన్షన్ 50వ నిబంధనే, అందులోనూ పెళ్లే ఆధారం. ఢిల్లీ కోసం ఆగాల్సిన పని రాష్ట్రాలకు లేదు.

ఫ్యామిలీ పెన్షన్ మార్చాలంటే ఆర్థిక శాఖ ఖర్చు లెక్క అడుగుతుంది, ఫైలు తిరుగుతుంది. జీపీఎఫ్‌కు ఆ అభ్యంతరం కూడా లేదు. అది ఉద్యోగి జీతంలోంచి కోసి దాచిన సొమ్ము, ఎవరికిచ్చినా ఖజానా మీద పైసా భారం పెరగదు. గ్రాట్యుటీ ఖజానా సొమ్మే అయినా మొత్తం మారదు, అందుకునే చేయి మారుతుందంతే. ఈ రెండింటి నిర్వచనాల్లో తల్లిదండ్రుల ముందు ఎన్‌పీఎస్‌లో ఉన్నట్టే 'ఆధారపడిన' అన్న మాట చేర్చవచ్చు. ఆ సవరణలో స్వలింగ జంటల ప్రస్తావన రానక్కర్లేదు, పెళ్లి చట్టాన్ని ముట్టుకోనక్కర్లేదు. పెంచిన మేనత్త పేరో, చిన్నప్పటి నుంచి కలిసి ఉన్న స్నేహితురాలి పేరో రాయాలనుకునే పెళ్లికాని ఉద్యోగులందరికీ అదే సవరణ పనికొస్తుంది.